కుంచించుకుపోయే సరస్సు – ఉపగ్రహ చిత్రాల సాక్ష్యం

పాఠం 17

17.0 పరిచయం

ఊరి చెరువు చిన్నదైపోతున్నదని ఊరివారికి తెలియడానికి పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. రేవులో మునిగి ఉండే మెట్లు బయటపడతాయి. పడవ కట్టే గుంజ పొడి నేల మీద మిగిలిపోతుంది. కాని వందల చదరపు కిలోమీటర్ల సరస్సు విషయం వేరు. ఒక ఒడ్డున నిలబడిన మనిషికి రెండో ఒడ్డు కనిపించదు. ఒక పక్క నీరు నిండుగా ఉన్నప్పుడు మరో పక్క ఏం జరుగుతున్నదో ఎవరికీ పూర్తిగా తెలియదు. అలాంటి సరస్సును ఒకేసారి మొత్తంగా చూడటానికి, పదేళ్ల క్రితం ఎలా ఉండేదో ఇప్పటితో పోల్చటానికి ఉపగ్రహ చిత్రాలు ఉపయోగపడతాయి.

అయితే ఉపగ్రహం చిత్రాన్ని మాత్రమే ఇస్తుంది. దానికి అర్థం చెప్పవలసింది మనిషే. ఆ అర్థం తప్పయితే సరస్సుకైనా నష్టం జరుగుతుంది, దానిపై బతికేవారికైనా నష్టం జరుగుతుంది. ఈ పాఠంలో మన కొల్లేరును ఉదాహరణగా తీసుకొని ఉపగ్రహ చిత్రాన్ని ఎలా చదవాలో తెలుసుకుందాం.

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• ఉపగ్రహం నీటిని, మొక్కలను, నేలను ఎలా వేరుచేసి చూస్తుందో వివరించగలుగుతారు;
• చిత్రంలోని గడుల సంఖ్య నుంచి వైశాల్యాన్ని లెక్కకట్టగలుగుతారు;
• కొల్లేరులో వచ్చిన మార్పులను ఉపగ్రహ చిత్రం ఎలా చూపిందో చెప్పగలుగుతారు;
• రెండు చిత్రాలను పోల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

17.2 కొల్లేరు – ఒక పరిచయం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు ప్రాంతమే కొల్లేరు. ఇది మంచినీటి సరస్సు. ఇందులో చాలా భాగం ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగులు, రెండు డెల్టాల నుంచి వచ్చే అనేక మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. ఇన్ని దారుల్లో వచ్చే నీరు బయటికి పోవడానికి మాత్రం ఒక్కటే ముఖ్యమైన దారి. అది ఉప్పుటేరు. దాని ద్వారా నీరు బంగాళాఖాతంలో కలుస్తుంది.

వానలు ముంచెత్తినప్పుడు కొల్లేరు ఆ నీటినంతా తనలో ఇముడ్చుకుని, నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. అందుకే ఇంజనీర్లు దీన్ని రెండు డెల్టాల వరదను సర్దుబాటు చేసే సహజ జలాశయం అంటారు. వలలతో, మావులతో చేపలు పట్టుకునే లంక గ్రామాల వారికి ఇదే జీవనాధారం. పెలికాన్ పక్షులకు, అంటే గూడబాతులకు, ఇది నివాసం. 1999లో ప్రభుత్వం దీన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో ఇది రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేరింది.

కొల్లేరు లోతు తక్కువ. వానాకాలంలో నీరు విస్తరిస్తుంది. ఎండాకాలంలో మధ్యకు ముడుచుకుంటుంది. అందువల్ల ‘సరస్సు ఇక్కడితో ఆగిపోతుంది’ అని ఒక గీత గీయడం కష్టం. ఈ కష్టాన్ని దాటడానికి కాంటూరు రేఖలను ఉపయోగిస్తారు. సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న స్థలాలను కలిపే రేఖ కాంటూరు రేఖ. 5 అడుగుల ఎత్తున ఉన్న రేఖను కొల్లేరు ప్రాంతంలో ‘ఐదో కాంటూరు’ అంటారు. అభయారణ్యం హద్దు ఈ రేఖే. దాని లోపలి వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు.

17.3 ఉపగ్రహం దేన్ని చూస్తుంది?

సూర్యకాంతి భూమి మీద పడుతుంది. అందులో కొంత భాగాన్ని వస్తువులు పీల్చుకుంటాయి. మిగిలినది వెనక్కి తిరిగిపోతుంది. దీన్నే పరావర్తనం అంటారని మీకు తెలుసు. ఉపగ్రహంలోని కెమెరా ఈ పరావర్తన కాంతిని కొలుస్తుంది.

మన కంటికి కనిపించే ఎరుపు కాంతికి ఆవల, కంటికి కనిపించని పరారుణ కాంతి ఉంటుంది. ఉపగ్రహ కెమెరా దీన్ని కూడా పట్టుకోగలదు. సరస్సుల అధ్యయనంలో కీలకం ఇదే. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకుంటుంది. పచ్చని ఆకులు దాన్ని బాగా వెనక్కి పంపుతాయి. కాబట్టి పరారుణ కాంతిలో తీసిన చిత్రంలో నీరు నల్లగా, మొక్కలు ప్రకాశవంతంగా కనిపిస్తాయి. కంటికి ఆకుపచ్చగా కలిసిపోయి కనిపించే నాచు నీరు, గడ్డి కూడా ఇక్కడ విడివిడిగా తెలుస్తాయి.

అమెరికా 1972లో ప్రయోగించిన మొదటి లాండ్‌శాట్ నుంచి ఇలాంటి చిత్రాలు దొరుకుతున్నాయి. మన దేశం 1988 మార్చిలో ఐ.ఆర్.ఎస్.–1ఏ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. 1997లో శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. రాకెట్ ఐ.ఆర్.ఎస్.–1డి ఉపగ్రహాన్ని తీసుకువెళ్లింది. ఈ పాఠంలో మనం చూడబోయే కొల్లేరు చిత్రాన్ని తీసినది ఇదే. మన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం అందుకొని భద్రపరుస్తుంది.

17.4 రంగులను చదవడం

పరారుణ కాంతి మన కంటికి కనిపించదు. అందుచేత దానికి చిత్రంలో ఎరుపు రంగును అప్పగిస్తారు. ఎరుపు కాంతిని ఆకుపచ్చగాను, ఆకుపచ్చ కాంతిని నీలంగాను చూపుతారు. ఇలా తయారైన చిత్రాన్ని మిథ్యావర్ణ చిత్రం అంటారు. ఇందులోని రంగులు నిజమైన రంగులు కావు. వాటిని ఇలా చదవాలి:

• ముదురు నీలం లేదా నలుపు – తేటగా ఉన్న లోతైన నీరు
• లేత నీలం – బురద కలిసిన నీరు
• ఎరుపు – పచ్చని మొక్కలు: పైరు, చెట్లు, గుర్రపు డెక్క, కిక్కిస
• తెలుపు లేదా లేత బూడిద – పొడి నేల, ఇసుక, ఎండిన గట్లు

నీటి మీద పరుచుకున్న గుర్రపు డెక్క, నేల మీది వరి పైరు రెండూ ఎర్రగానే కనిపిస్తాయని గమనించండి. వాటిని రంగుతో మాత్రమే వేరు చేయలేం. ఆకారం చూడాలి. వరి పొలాలు గట్ల మధ్య మళ్లుగా, చక్కని హద్దులతో ఉంటాయి. కలుపు మొక్కలు ఆకారం లేకుండా పరుచుకుంటాయి. చేపల చెరువులు నీలంగానో నల్లగానో ఉన్నా, తిన్నని అంచులతో దీర్ఘచతురస్రాలుగా కనిపిస్తాయి. ప్రకృతి తీర్చిన సరస్సు అంచు అంత తిన్నగా ఉండదు.

రంగును అంకెగా మార్చి కూడా చూడవచ్చు. దీనికి నీటి సూచిక అనే లెక్క ఉంది. ఆకుపచ్చ కాంతి విలువ నుంచి పరారుణ కాంతి విలువను తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు ఒక చోట ఆకుపచ్చ కాంతి విలువ 8, పరారుణ కాంతి విలువ 2 అనుకోండి. సూచిక (8 – 2) ÷ (8 + 2) = 0.6. మరో చోట ఈ విలువలు 10, 40 అనుకోండి. సూచిక (10 – 40) ÷ (10 + 40) = –0.6. సాధారణంగా సున్నాకు పైన ఉంటే నీరు, సున్నాకు దిగువన ఉంటే నేల లేదా మొక్కలు అని గుర్తిస్తారు.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.1

1. పరారుణ చిత్రంలో నీరు నల్లగా కనిపించడానికి కారణం ఏమిటి?
2. మిథ్యావర్ణ చిత్రంలో ఎర్రగా కనిపించేవన్నీ పంట పొలాలేనా? ఎందుకు?
3. ఒక చోట ఆకుపచ్చ కాంతి విలువ 9, పరారుణ కాంతి విలువ 3. నీటి సూచిక ఎంత?

17.5 గడుల నుంచి వైశాల్యం

ఉపగ్రహ చిత్రం గళ్ల కాగితం లాంటిది. అందులోని ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ఐ.ఆర్.ఎస్.–1డి లోని లిస్–3 కెమెరా చిత్రంలో ఒక పిక్సెల్ నేల మీద 23.5 మీటర్ల పొడవు, 23.5 మీటర్ల వెడల్పు గల స్థలానికి సమానం. దాని వైశాల్యం 552.25 చదరపు మీటర్లు. ఒక చదరపు కిలోమీటరులో సుమారు 1,811 పిక్సెళ్లు పడతాయి.

ఒక చిత్రంలో చేపల చెరువులుగా గుర్తించిన పిక్సెళ్లు 1,00,000 ఉన్నాయనుకోండి. వాటి వైశాల్యం ఎంత?

1,00,000 × 552.25 = 5,52,25,000 చదరపు మీటర్లు. అంటే సుమారు 55.2 చదరపు కిలోమీటర్లు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక పిక్సెల్‌లో సగం నీరు, సగం గట్టు ఉంటే దాన్ని ఏమని లెక్కించాలి? దీన్ని మిశ్రమ పిక్సెల్ అంటారు. అంచుల వెంట ఇవి ఎక్కువగా ఉంటాయి. పెద్ద సరస్సు మొత్తం వైశాల్యంలో దీని వల్ల వచ్చే తేడా కొద్దిదే. కాని అర ఎకరం కుంటను ఇదే చిత్రంతో కొలిస్తే లెక్క చాలా తప్పుతుంది. కొలిచే వస్తువుకు తగిన కొలబద్ద ఉండాలి.

17.6 2001 నాటి చిత్రం ఏం చెప్పింది?

1970ల దశకంలో కొల్లేరులో చేపల చెరువులు తవ్వుకోవడానికి ప్రభుత్వమే సహకార సంఘాలకు వీలు కల్పించింది. పేదలకు ఉపాధి చూపడం దాని ఉద్దేశం. చేపల పెంపకం లాభసాటి కావడంతో తరువాతి కాలంలో చెరువులు విపరీతంగా పెరిగాయి. పెట్టుబడి ఉన్నవారు లీజులకు తీసుకున్నారు. ఎన్ని చెరువులు వచ్చాయి, సరస్సు ఎంత మిగిలింది అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెప్పేవారు.

ఐ.ఆర్.ఎస్.–1డి 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రాన్ని శాస్త్రవేత్తలు విశ్లేషించారు. వారు సరస్సు వైశాల్యాన్ని 245 చదరపు కిలోమీటర్లుగా తీసుకున్నారు. ఫలితాలు ఇలా ఉన్నాయి:

• చేపల చెరువులు – 1,050. ఎండిన చేపల చెరువులు – 38. రెండూ కలిపి 103 చదరపు కిలోమీటర్లు. అంటే సరస్సులో సుమారు 42 శాతం.
• వ్యవసాయం, ముఖ్యంగా వరి – సుమారు 8.5 శాతం.
• కలుపు మొక్కలు లేని తేట నీరు – చిత్రంలో ఎక్కడా కనిపించలేదు.

సరస్సులో సగం చెరువులుగా, పొలాలుగా మారిపోయింది. మిగిలిన సగం గుర్రపు డెక్కతోను, గడ్డితోను నిండిపోయింది, లేదా నీరు అందక క్షీణించింది. ఒక్కొక్క గట్టును విడిగా చూసినవారికి అది చిన్న విషయమే. అన్ని గట్లనూ ఒకే చూపులో చూపింది మాత్రం ఈ చిత్రమే.

17.7 నీరు కనిపిస్తే సరస్సు ఉన్నట్లేనా?

ఈ పాఠంలో ముఖ్యమైన ప్రశ్న ఇది. ముందు మరో ఉదాహరణ చూద్దాం. మధ్య ఆసియాలో కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశాల మధ్య అరల్ సముద్రం అనే పెద్ద ఉప్పునీటి సరస్సు ఉంది. 1960ల నుంచి దానిలోకి వచ్చే అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తి సాగు కోసం పెద్ద ఎత్తున మళ్లించారు. 1980ల చివరకు అది రెండు ముక్కలైంది. 2014లో దక్షిణ భాగంలోని తూర్పు మడుగు పూర్తిగా ఎండిపోయిన దృశ్యాన్ని ఉపగ్రహాలు చిత్రించాయి. అక్కడ నీరు పోయింది, తెల్లని ఉప్పు నేల మిగిలింది. నీటి పిక్సెళ్లను లెక్కిస్తే చాలు, సరస్సు ఎంత తగ్గిందో తెలుస్తుంది.

కొల్లేరులో ఈ లెక్క పనికిరాదు. చేపల చెరువులో కూడా నీరే ఉంటుంది. నీటి సూచిక దానిని నీరు అనే చెబుతుంది. గడ్డి పెరిగిన సరస్సు భాగాన్ని తవ్వి చెరువు చేస్తే, చిత్రంలో నీటి పిక్సెళ్లు తగ్గకపోగా పెరుగుతాయి కూడా! లెక్కలు మాత్రమే చూసినవారు ‘కొల్లేరులో నీరు పెరిగింది’ అనే ప్రమాదం ఉంది.

మరి తేడా ఎక్కడ ఉంది? సరస్సు నీరు కదులుతుంది. వాగు నుంచి వచ్చి, పరుచుకొని, ఉప్పుటేరుకు చేరుతుంది. చెరువు నీరు గట్ల మధ్య నిలిచి ఉంటుంది. ఆ గట్టు వరదకు అడ్డం పడుతుంది. చెరువు నిండుగా ఉన్నప్పుడు కొత్త వరదకు అందులో చోటు ఉండదు. వలలు పట్టుకుని ఎవరైనా దిగగలిగిన నీటికి ఇప్పుడు యజమాని ఉంటాడు. అందుచేత సరస్సు కుంచించుకుపోవడం అంటే నీరు తగ్గడం ఒక్కటే కాదని గ్రహించండి. వరదకు చోటు, చేపకు దారి, మనిషికి ప్రవేశం తగ్గినా సరస్సు తగ్గినట్లే.

ఇది కాగితం మీది చర్చ కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి, గండ్లు పడి విజయవాడలో అనేక కాలనీలు మునిగాయి. ఆ వాగు చివరకు చేరేది కొల్లేరుకే. ఎగువన ఎంత వాన పడినా దిగువన దానికి చోటు మిగిలి ఉందా అని ముందుగా చూసుకోవలసిన అవసరం ఎంతో ఉంది.

17.8 పోల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

(అ) ఒకే ఋతువు: అక్టోబరు చిత్రాన్ని మే నెల చిత్రంతో పోలిస్తే ఏ సరస్సయినా కుంచించుకుపోయినట్లే కనిపిస్తుంది. వేరువేరు సంవత్సరాలలో ఒకే నెలలో తీసిన చిత్రాలను పోల్చాలి. ఆ సంవత్సరాలలో వాన ఎంత కురిసిందో కూడా చూడాలి. ఒక్క కరవు సంవత్సరాన్ని చూసి సరస్సు పోయిందనకూడదు.

(ఆ) ఒకే హద్దు: కొల్లేరు వైశాల్యం ఒక చోట 245, మరో చోట 308, రాంసర్ జాబితాలో 901 చదరపు కిలోమీటర్లు అని కనిపిస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క హద్దును తీసుకోవడమే ఇందుకు కారణం. ఒక సంవత్సరం 308ని, మరో సంవత్సరం 245ను తీసుకొని ‘63 చదరపు కిలోమీటర్లు తగ్గింది’ అంటే అది తప్పు. అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. హద్దు మారితే చిత్రం మారకుండానే అంకెలు మారిపోతాయి. అందుచేత ఏ అంకె చూసినా ‘ఏ హద్దు లోపల?’ అని అడగాలి.

(ఇ) మేఘాలు: వానాకాలంలో సరస్సు నిండుగా ఉన్నప్పుడే దాన్ని మేఘాలు కప్పేస్తాయి. మామూలు కెమెరా మేఘాల కింద చూడలేదు. ఇటువంటప్పుడు రాడార్ ఉపగ్రహాలు ఉపయోగపడతాయి. ఇవి రేడియో తరంగాలను తామే పంపి, తిరిగి వచ్చిన వాటిని కొలుస్తాయి. మన దేశం 2012లో రిశాట్–1ను, 2022లో ఇ.ఓ.ఎస్.–04ను ఇందుకోసం ప్రయోగించింది.

(ఈ) క్షేత్ర పరిశీలన: చిత్రంలో అనుమానం వచ్చిన చోట్లకు వెళ్లి చూడాలి. ఎర్రని మచ్చ వరి పైరా, కిక్కిసా అన్నది అక్కడి రైతు ఒక్క మాటలో చెప్పగలడు.

(ఉ) చిత్రం చెప్పలేని విషయాలు: చెరువు ఎక్కడ ఉందో, ఎంత ఉందో చిత్రం చెబుతుంది. అది జిరాయితీ భూమిలో ఉందా, ప్రభుత్వ భూమిలో ఉందా అన్నది చెప్పదు. దాన్ని తవ్వినది సహకార సంఘమా, బయటి పెట్టుబడిదారా అన్నదీ చెప్పదు. దాన్ని తొలగిస్తే ఎవరి కూలి పోతుందో అసలే చెప్పదు. వీటికి రెవెన్యూ రికార్డులు కావాలి, గ్రామస్థుల మాటలు కావాలి.

2006లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేయించింది. దాంతో నీటి దారులు కొంత తెరుచుకున్నాయి. అప్పటివరకు చెరువులపై ఆధారపడిన కుటుంబాలు ఉపాధి కోల్పోయాయి. తరువాతి సంవత్సరాలలో కొన్ని చోట్ల గట్లు మళ్లీ లేచాయి. బతుకు తెరువు ప్రశ్న తేలకుండా గట్టు ఒక్కటే తొలగిస్తే సమస్య తీరదని దీని వల్ల తెలుస్తుంది. అలాగే, ఒకసారి తీసిన చిత్రంతో పని ముగియదనీ, ఏటేటా చూస్తూ ఉండాలనీ తెలుస్తుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 17.2

1. ఐ.ఆర్.ఎస్.–1ఏ లోని లిస్–2 కెమెరా పిక్సెల్ 36.25 మీటర్ల భుజం గల చతురస్రం. 50,000 పిక్సెళ్ల వైశాల్యం ఎన్ని చదరపు కిలోమీటర్లు?
2. అరల్ సముద్రానికి పనికివచ్చే నీటి పిక్సెళ్ల లెక్క కొల్లేరుకు ఎందుకు చాలదు?
3. మేఘాలు కమ్మినప్పుడు ఏ రకం ఉపగ్రహాలను ఉపయోగిస్తారు?

చేసి చూడండి

మీ ఊరి చెరువును ఎంచుకోండి. ఇస్రో వారి భువన్ వెబ్‌సైటులో దాని చిత్రం చూడండి. పలుచని కాగితం మీద చెరువు అంచును గీసి, గళ్ల కాగితంపై ఉంచి గడులు లెక్కించండి. సగం, అంతకు మించి నిండిన గడిని ఒకటిగా లెక్కించండి. సగం కంటే తక్కువ ఉంటే వదిలేయండి. తరువాత ఊరిలో పెద్దవారిని ఇద్దరిని కలిసి, వారి చిన్నతనంలో నీరు ఎక్కడి వరకు వచ్చేదో అడిగి అదే కాగితంపై మరో రంగుతో గీయండి. రెండు గీతల మధ్య ఇప్పుడు ఏమున్నదో రాయండి: పొలమా, ఇళ్లా, రోడ్డా, తుమ్మ చెట్లా?

17.9 మీరు నేర్చుకున్నవి

• నీరు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. పచ్చని ఆకులు వెనక్కి పంపుతాయి. ఈ తేడాతో ఉపగ్రహ చిత్రంలో నీటిని గుర్తిస్తారు.
• పిక్సెళ్ల సంఖ్యను ఒక పిక్సెల్ వైశాల్యంతో గుణిస్తే మొత్తం వైశాల్యం వస్తుంది.
• 2001 ఫిబ్రవరి చిత్రం ప్రకారం కొల్లేరులో 42 శాతం చేపల చెరువుల కిందికి వెళ్లింది.
• చిత్రంలో నీరు కనిపించినంత మాత్రాన సరస్సు ఉన్నట్లు కాదు. ఆకారాన్ని, నీటి కదలికను కూడా చూడాలి.
• పోల్చే చిత్రాలకు ఒకే ఋతువు, ఒకే హద్దు ఉండాలి. క్షేత్ర పరిశీలన తప్పనిసరి.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. మిథ్యావర్ణ చిత్రంలో చేపల చెరువును, సహజమైన సరస్సు భాగాన్ని ఎలా వేరు చేస్తారు?
2. ‘ఒకే సరస్సుకు మూడు వైశాల్యాలు’ – కొల్లేరు ఉదాహరణతో వివరించండి.
3. కొల్లేరులో చేపల చెరువులను తొలగించాలా, ఉంచాలా అన్న చర్చలో ఉపగ్రహ చిత్రం ఎంతవరకు సహాయపడుతుంది? అది చెప్పలేని విషయాలను ఎవరిని అడిగి తెలుసుకుంటారు?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

17.1
1. నీరు పరారుణ కాంతిని దాదాపు పూర్తిగా పీల్చుకోవడం వల్ల.
2. కావు. గుర్రపు డెక్క, కిక్కిస, చెట్లు కూడా ఎర్రగా కనిపిస్తాయి. పచ్చని ఆకులన్నీ పరారుణ కాంతిని వెనక్కి పంపుతాయి.
3. (9 – 3) ÷ (9 + 3) = 0.5

17.2
1. సుమారు 65.7 చదరపు కిలోమీటర్లు.
2. చేపల చెరువుల్లోని నీరు కూడా నీటి పిక్సెళ్లుగానే లెక్కకు వస్తుంది కాబట్టి.
3. రాడార్ ఉపగ్రహాలను.